మూడో నాణెం దగ్గర

బీరువాకి తాళం వేసే ఉంది. తాళంచెవి బీరువా నెత్తిమీద ఉంది.

డిటెక్టివ్ ఈ రెండు సంగతుల్నీ తన చిన్న పుస్తకంలో పక్కపక్కన రాసుకున్నాడు. ఇరవై రెండేళ్ళ వృత్తిలో ఆయన చూసిన ఇళ్ళలో సగానికి పైగా ఇదే ఏర్పాటు. మనిషి ముందు నాలుగు కొట్లు తిరిగి గట్టి తాళం కొంటాడు. తర్వాత చెవి ఎక్కడ పారేసుకుంటానో అని భయపడి, దాన్ని దొంగకి అందేచోట పెడతాడు.

"చెవి ఇక్కడుంటుందని ఎవరికి తెలుసు?"

"ఎవ్వరికీ తెలీదండి," అన్నారు లెక్కల మాస్టారు గట్టిగా. "మా ఇద్దరికీ, మా బావమరిదికీ, పనమ్మాయికీ, కింద వాటా వాళ్ళకీ, మా ఆవిడ తరఫు చుట్టాలకీ తప్ప."

"మీ తరఫు చుట్టాలకి?"

"వాళ్ళకి బీరువా కొన్నట్టే చెప్పలేదు."

డిటెక్టివ్ టైము చూసుకున్నాడు. ఆదివారం, మధ్యాహ్నం రెండూ అయిదు.

"పోయిందేంటో ఇంకోసారి చెప్పండి. ఈసారి మధ్యలో ఊపిరి తీసుకుంటూ చెప్పండి."

"నా రఫ్ పుస్తకం. రెండొందల పేజీలది. అట్ట మీద 'పదో తరగతి, త్రికోణమితి' అని రాసుంటుంది."

"లోపల త్రికోణమితి ఉందా?"

"లోపల నా ట్రిక్ ఉంది. త్రికోణమితి అని రాస్తే ఎవరూ ముట్టుకోరని అలా రాశాను. పదకొండేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు కూడా."

మాస్టారు పగలు హైస్కూల్లో లెక్కలు చెప్తారు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా బల్ల ముందు కూర్చుని నాలుగు నాణేలతో, నాలుగు పేక ముక్కలతో ఒకే ఒక్క ట్రిక్ చేస్తారు. పదకొండేళ్ళుగా అదొక్కటే. ఎవరో చేసింది నేర్చుకోవడం ఆయనకి నచ్చదు. లెక్క ఎవరైనా చేస్తారు, కొత్త పద్ధతి కనిపెట్టినవాడే మొనగాడు అంటారు. ఆ పద్ధతి ఇవాళ అయిదింటికి మొదలయ్యే మ్యాజిక్ క్లబ్ వార్షిక సమావేశంలో మొదటిసారి బయటపడాలి. ఆయన వంతు అయిదూ నలభైకి.

"రఫ్ పుస్తకం లేకుండా వెళ్ళి చేసెయ్యకూడదా? చేతులు మీ దగ్గరే ఉన్నాయిగా."

"కుదరదండి. క్లబ్బులో ఒకసారి ఇద్దరు సభ్యులు ఒకే రోజున ఒకే ట్రిక్ చేసి, ఇది నేను కనిపెట్టిందంటే నేను కనిపెట్టిందని చొక్కాలు పట్టుకున్నారు. తీరా చూస్తే ఇద్దరూ ఒకే కొట్లో కొనుక్కొచ్చారు. అప్పట్నుంచి రూలు పెట్టారు. ట్రిక్ చేసే ముందు రఫ్ పుస్తకం సీలు వేసిన కవర్లో కార్యదర్శికి ఇవ్వాలి. ముందు ఎవరు చూపిస్తే వాళ్ళ పేరు రిజిస్టర్లో ఎక్కుతుంది. ఆ తర్వాత ఆ ట్రిక్ ఇంకెవరూ ఆ హాల్లో చెయ్యకూడదు. ఇప్పుడు నా పుస్తకం ఎవడో పట్టుకుపోయాడు. నాకంటే ముందు వాడు చేస్తే..."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

"దొంగ దొరికాడు," అంది గుమ్మంలోంచి ఒక గొంతు. "ఇంటి నుంచి పిలిపించి స్టూలు మీద కూర్చోబెట్టాను. ఇక నువ్వు బయల్దేరొచ్చు."

మాజీ ఇన్‌స్పెక్టర్. రిటైరయి మూడేళ్ళయినా ఆ సంగతి ఆయనకి ఎవరూ నచ్చజెప్పలేకపోయారు. లాఠీ వెనక్కి తీసుకున్నారు కాబట్టి గొడుగు పట్టుకు తిరుగుతున్నాడు. క్లబ్బులో సభ్యుడు. ఆయనకి వచ్చిన ట్రిక్ ఒకటే. ఎదుటివాడు తీసిన ముక్క ఏదో చెప్పాలి, చెప్పేదాకా వాణ్ణి ఇంటికి పోనివ్వడు. మాస్టారు ముందు ఆయనకి ఫోన్ చేసి, పది నిమిషాలు మాట్లాడాక భయం వేసి డిటెక్టివ్‌కి కూడా చేశారు.

"నమస్కారం సార్. మీరు తొందరగా వచ్చేశారే."

"నేను ఒంటిగంటకే వచ్చా. నువ్వు వచ్చేసరికి నా కేసు అయిపోయింది. రా, చూద్దువుగాని."

*

ముందు గదిలో స్టూలు మీద మాస్టారి బావమరిది కూర్చుని ఉన్నాడు. పుట్టినరోజు పార్టీల మెజీషియన్. అరెస్టయినవాడిలా ఉండటానికి ప్రయత్నిస్తున్నాడు గానీ, కుడిచెయ్యి దానంతట అది పేకకట్ట కలుపుతోంది.

"ఆ చెయ్యి ఆపు!" అన్నాడు మాజీ ఇన్‌స్పెక్టర్.

"అది నా మాట వినదు సార్. నిద్రలో కూడా కలుపుతుందని మా ఆవిడ గోల."

డిటెక్టివ్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "పొద్దున ఇక్కడికి ఎందుకొచ్చారు?"

"నిచ్చెన తిరిగిచ్చెయ్యడానికి."

"ఎప్పుడు తీసుకెళ్ళారు?"

"రెండేళ్ళయింది."

"అదీ పాయింటు!" మాజీ ఇన్‌స్పెక్టర్ గొడుగుతో నేల మీద పొడిచాడు. "రెండేళ్ళు ఇవ్వనివాడికి ఇవాళే ఎందుకు గుర్తొచ్చింది? చరిత్రలో బావగారి నిచ్చెన తనంతట తాను తిరిగిచ్చిన బావమరిది ఉన్నాడా?"

ఆ ప్రశ్నకి బావమరిది కూడా ఆలోచనలో పడ్డాడు. నిజమే, అనుమానించాల్సిన విషయమే.

"కొత్తది కొన్నాను సార్. ఇంట్లో రెండు పెట్టుకోడానికి చోటు లేదు."

"ఎన్నింటికి వెళ్ళిపోయారు?"

"పదకొండూ నలభైకి."

"విన్నావా?" అన్నాడు మాజీ ఇన్‌స్పెక్టర్. "మాస్టారు పదకొండున్నరకి పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేశారు. పన్నెండూ నలభైకి తీసి చూస్తే లేదు. వీడు పదకొండూ నలభై దాకా ఇంట్లోనే ఉన్నాడు. పది నిమిషాలు. నా సర్వీసులో నాలుగు నిమిషాల్లో ట్రాక్టరు మాయం చేసినవాణ్ణి చూశా."

"పదకొండున్నర ఏ గడియారంలో?" అన్నాడు డిటెక్టివ్.

"ఏ గడియారమైతే ఏంటయ్యా? పదకొండున్నర పదకొండున్నరే."

"నా ఫోన్లోనండి," అన్నారు మాస్టారు.

"మరి పదకొండూ నలభై?"

బావమరిది గోడ వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "అదిగో, దాంట్లో."

డిటెక్టివ్ గోడ గడియారం చూశాడు. రెండూ ముప్పై ఒకటి. తన చేతి గడియారం చూసుకున్నాడు. రెండూ పదహారు.

"అమ్మా," అన్నాడు వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డ మాస్టారి భార్యతో. "ఈ గడియారం ఎంత ముందుంది?"

"పదిహేను నిమిషాలు అన్నయ్యగారూ. ఈయన స్కూలుకి టైముకి అందాలని నేనే తిప్పిపెట్టా."

"ముందుందని ఆయనకి తెలుసా?"

"తెలుసు. అందుకే పదిహేను నిమిషాలు లేటుగా లేస్తారు."

డిటెక్టివ్ లేచి నిలబడ్డాడు. "కాబట్టి ఈయన బయటికి వెళ్ళింది అసలు టైములో పదకొండూ ఇరవై అయిదుకి. అప్పటికి పుస్తకం ఇంకా మాస్టారి చేతిలోనే ఉంది. తాళం వెయ్యడానికి ఇంకా అయిదు నిమిషాలుంది. సార్, మీరు రెండు గడియారాలతో ఒక దొంగని తయారుచేశారు."

మాజీ ఇన్‌స్పెక్టర్ గడియారం వైపు, ఆ తర్వాత స్టూలు వైపు, రెండూ కలిసి తనని మోసం చేసినట్టు చూశాడు.

"మళ్ళీ వచ్చుంటాడు!"

"రాలేదండి," అన్నారు మాస్టారు. "వాడు వెళ్ళగానే గడియ పెట్టేశాను. తర్వాత తీసింది మీరు బెల్లు కొట్టినప్పుడే."

"అయితే ఏంటయ్యా, పుస్తకానికి కాళ్ళొచ్చాయా?"

"రాలేదు సార్. అందుకే ఇంకా ఇంట్లోనే ఉందంటున్నాను."

వంటింటి గుమ్మం దగ్గర ఇప్పుడెవరూ లేరు. లోపల గిన్నె చప్పుడయింది. గిన్నె అవసరానికి మించి చప్పుడు చేసిందని డిటెక్టివ్ గమనించాడు.

"మరి నేను వెళ్ళొచ్చా?" అన్నాడు బావమరిది. "నా వంతు అయిదూ ఇరవైకి. ముందే వెళ్ళి మనవాళ్ళందరికీ కుర్చీల మీద రుమాళ్ళు వెయ్యాలి."

"ఎన్ని కుర్చీలు?"

"నాలుగే. రుమాళ్ళు మాత్రం తొమ్మిది తెచ్చా."

*

మాస్టారు సాధన చేసే చోటు పడగ్గదిలో బీరువాకి ఎదురుగా ఉంది. బీరువా తలుపుకి నిలువుటద్దం. అద్దం ముందు చిన్న బల్ల. బల్ల మీద పాత కోటు కత్తిరించి పరిచిన నల్లటి గుడ్డ. ఇటొక కుర్చీ, అటొక కుర్చీ.

డిటెక్టివ్ గుడ్డ మీదకి వంగాడు. నాలుగు మూలల్లో నాలుగు చోట్ల నలుపు వెలిసి బూడిదరంగు తేలింది. మూడు చోట్ల కాస్త కాస్తే. మిగిలిన ఒక్కచోట గుడ్డ పోగులు లేచి, కింద చెక్క కనిపిస్తోంది.

"ఇక్కడ బాగా శ్రమ పడ్డట్టున్నారు."

"మూడో నాణెం," అన్నారు మాస్టారు. ఆ మాట అన్నప్పుడు ఆయన వెన్ను నిటారుగా అయింది. "అక్కడే నాలుగేళ్ళు పట్టింది. నాలుగు మూలల్లో నాలుగు నాణేలు పెట్టి, ఒక్కోదాని మీద ఒక్కో ముక్క కప్పుతానా? ముక్కలు ఎత్తుతూ పోతే నాణేలు ఒక్కొక్కటే వెళ్ళి ఒకే మూలకి చేరతాయి. నాకు తెలిసి అందరూ దీన్ని అయిదో నాణెం ఒకటి అరచేతిలో దాచుకుని చేస్తారు. నాకు అయిదోది లేదు. జేబులు తడిమి చూసుకోండి, లేదు. ఉన్న నాలుగుతోనే. ముక్క ఎత్తేటప్పుడు దాని కింది నాణెం ముక్కతో పాటే లేచొచ్చేస్తుంది. అదీ నా పద్ధతి."

"ఈ రెండో కుర్చీ?"

"మా ఆవిడది. రోజూ ఎదురుగా కూర్చుని చూస్తుంది. జనం లేకుండా సాధన చేస్తే ఏం లాభం?"

రెండో కుర్చీ దిండు మధ్యలో గుంట పడింది. పదకొండేళ్ళు, రోజుకి రెండు గంటలు. డిటెక్టివ్ ఆ గుంటని చూసి, మాస్టారికి క్లబ్బులో జీవిత సభ్యత్వం ఉంటే ఈ కుర్చీకి పెన్షను ఉండాలనుకున్నాడు.

"ఒకసారి చేసి చూపించండి."

"రఫ్ దొరక్కుండానా?"

"దొరుకుతుంది. మీరు చెయ్యండి."

ఆవిడని పిలిచారు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఏ సినిమాకి టిక్కెట్టు కొన్నారో తెలిసిన మనిషిలా తన కుర్చీలో కూర్చుంది. డిటెక్టివ్ ఆవిడ వెనక నిలబడ్డాడు. మాస్టారు చేతులు చాపి, ఖాళీ అరచేతులు చూపించి, మొదలుపెట్టారు. పదకొండేళ్ళ చేతులు. వేళ్ళు నీళ్ళలా కదిలాయి. మొదటి నాణెం పోయింది. రెండోది పోయింది. డిటెక్టివ్‌కి ఏమీ తెలియలేదు.

మూడో ముక్క లేచినప్పుడు, దాని కింద వెండిరంగు అంచు ఒకటి తళుక్కుమంది. కాలు సెకను. కానీ ఆ కాలు సెకను గదిలోని ట్యూబులైటు మొత్తాన్నీ పట్టుకుంది.

"ఇంకోసారి," అన్నాడు డిటెక్టివ్.

రెండోసారి ఆయన నాణేల్ని చూడలేదు, మాస్టారి మొహాన్ని చూశాడు. మూడో ముక్క లేచింది. సరిగ్గా ఆ క్షణానికి మాస్టారి రెండు కళ్ళూ మూసుకున్నాయి. మళ్ళీ తెరుచుకునేసరికి పని పూర్తయింది, మొహంలో విజయం ఉంది.

"ఒక్కసారి. ఆఖరిది."

మూడోసారి ఆయన ఆవిణ్ణి చూశాడు. ఒకటి. రెండు. మూడో ముక్క మీద మాస్టారి వేళ్ళు పడగానే ఆవిడ తల మెల్లగా పక్కకి తిరిగింది. కిటికీ గొళ్ళాన్ని చూసింది. గొళ్ళెంలో ఏమీ లేదు. ముక్క లేచి పక్కకి వెళ్ళాక తల మళ్ళీ వెనక్కి వచ్చింది. నాలుగు నాణేలూ ఒక మూలకి చేరాయి. ఆవిడ చప్పట్లు కొట్టింది.

"ఎలా ఉంది?" అన్నారు మాస్టారు.

"ఇలాంటిది నేనెక్కడా చూడలేదు," అన్నాడు డిటెక్టివ్. ఆయన వృత్తిలో అబద్ధం ఆడడు. సాధారణంగా అవసరం పడదు.

"సర్కస్ అయిపోయిందా?" మాజీ ఇన్‌స్పెక్టర్ లోపలికి వచ్చాడు. "ఇంట్లోనే ఉందన్నావుగా? అయితే ఇల్లు సోదా చేస్తా. నువ్వు ఆలోచించేలోపు నేను మంచాలు తిరగేస్తా. పుస్తకం తీసి మాస్టారి చేతిలో పెట్టేది నేను, చప్పట్లు కొట్టేది నువ్వు."

"సార్, ఆ పుస్తకం దొరక్కపోతేనే..." డిటెక్టివ్ మాస్టారి వైపు చూసి ఆగాడు. "తొందరేం లేదు. మెల్లగా వెతకండి."

"తొందరేం లేదట! ఇలా అన్నందుకే నువ్వు డిపార్టుమెంటులో చేరలేకపోయావ్."

"ఎత్తు అరంగుళం తగ్గింది సార్, అంతే."

మాజీ ఇన్‌స్పెక్టర్ పరుపు ఎత్తాడు. దాని కింద పాత పెళ్ళి శుభలేఖలూ, కూరగాయల సంచులూ, దేనికోసం దాచారో ఎవరికీ గుర్తులేని ప్లాస్టిక్ కవర్లూ దొరికాయి. ఒక్కొక్కటీ సాక్ష్యం పట్టుకున్నట్టే పట్టుకుని చూశాడు. టైము మూడూ ఇరవై.

*

మంచాలయ్యాక అటకా, అటకయ్యాక షూ స్టాండూ వంతుకొచ్చాయి. నాలుగయ్యేసరికి ఆవిడ అందరికీ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. డిటెక్టివ్ వెనకే వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

"అమ్మా, ఆ కిటికీ గొళ్ళెం ఎన్నేళ్ళ నుంచి చూస్తున్నారు?"

ఆవిడ స్టవ్ సిమ్‌లో పెట్టింది. మొహంలో భయం లేదు. చాలాకాలంగా ఎవరైనా అడుగుతారని ఎదురుచూసిన ఓపిక మాత్రం ఉంది.

"తొమ్మిదేళ్ళు. మొదటి రెండేళ్ళు చూశాను. కనిపిస్తోందండీ అని ఒకసారి చెప్పాను. ఆయన అద్దం ముందు నలభైసార్లు చేసుకుని, నాకేం కనపడలేదు, నువ్వు కళ్ళజోడు మార్పించుకో అన్నారు."

"తర్వాత?"

"మార్పించుకున్నా. కొత్త కళ్ళజోడులో ఇంకా బాగా కనిపించింది."

"ఆయన రెప్ప వేస్తున్నారు."

"తెలుసు. అద్దం ముందు ఒంటరిగా చేసేవాళ్ళకి వచ్చే జబ్బట అది. తప్పు దొర్లే చోట రెప్ప పడిపోతుంది. మా తమ్ముడు చెప్పాడు, వాడికీ ఉండేదిట. అద్దం నిజమే చెప్తుంది అన్నయ్యగారూ, ఆ టైముకి చూసేవాళ్ళుండరు."

"అందుకని పుస్తకం దాచేశారు."

"ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు. అక్కడ అరవైమంది కూర్చుంటారు. అందరూ ఇదే పని చేసేవాళ్ళు. ఒక్కడైనా కిటికీ వైపు చూస్తాడా? ఒకడు నవ్వితే చాలు, పదకొండేళ్ళూ పోతాయి. ఆయన మళ్ళీ ఆ బల్ల ముందు కూర్చోరు. సాయంత్రం ఆరింటికి ఆయన ఆ బల్ల ముందు లేకపోతే ఇక ఆ మనిషి ఎక్కడుంటారో నాకు తెలీదు. వచ్చే ఏడాది దాకా పోయిందనుకుంటే ఈలోపు ఏదో ఒకటి చేద్దామనుకున్నా."

"దానికి మందు లేదా?"

"ఎందుకు లేదు?"

ఆవిడ చేతులు తుడుచుకుని, గ్యాస్ బండ పక్క సొరుగులోంచి నాలుగు నాణేలూ నాలుగు ముక్కలూ తీసింది. వంటగట్టు మీద మడతపెట్టిన తువ్వాలు పరిచింది. టీ మరుగుతుండగా నాణేలు నాలుగు మూలల్లో పెట్టి ముక్కలు కప్పింది. డిటెక్టివ్‌కి ఎక్కడ చూడాలో తెలుసు. మూడో ముక్క దగ్గర ఊపిరి బిగబట్టి, రెప్ప వెయ్యకుండా, అంగుళం దూరం నుంచి చూశాడు.

ఏమీ కనిపించలేదు. నాలుగు నాణేలూ ఒకే మూలలో ఉన్నాయి.

"ఎప్పుడు తీశారు?"

"మీరు చూస్తున్నప్పుడే." ఆవిడ టీ వడకట్టింది. "ఆయన మూడో ముక్కని పొట్టివైపు నుంచి ఎత్తుతారు. పొడుగువైపు నుంచి ఎత్తి, మణికట్టు కాస్త లోపలికి తిప్పితే అంచు మన వైపే ఉండిపోతుంది. ఎదురుగా కూర్చున్నవాళ్ళకే తట్టే సంగతి అది. ఆయన సాధన మొదలెట్టిన ఏడో ఏట నాకు తట్టింది. ఆయన రఫ్‌లో పెన్సిల్‌తో రాసిపెట్టా. ఎవరో పిల్లలు గీకారని రబ్బరు పెట్టి చెరిపేశారు. అప్పట్నుంచి నా రఫ్ నేను పాత క్యాలెండర్ల వెనక రాసుకుంటున్నా."

డిటెక్టివ్ టీ అందుకున్నాడు. ఇంతమంది దొంగల్ని పట్టుకున్నాడు గానీ, పట్టుకున్నాక టీ ఇచ్చి ట్రిక్ కూడా నేర్పిన దొంగ ఇదే మొదటిసారి.

"ఇంతకీ ఎక్కడ పెట్టారు?"

"బిస్కెట్ డబ్బాలో. దారపు ఉండల కింద."

సరిగ్గా అప్పుడు ముందు గదిలోంచి పులి మీద పడ్డట్టు కేక వినిపించింది.

"దొరికింది!"

గుండ్రటి బిస్కెట్ డబ్బాలో ఏ ఇంట్లోనైనా సూదులూ, దారాలూ, తెగిన గుండీలూ తప్ప బిస్కెట్లు ఉండవని ముప్పైమూడేళ్ళ సర్వీసులో మాజీ ఇన్‌స్పెక్టర్‌కి ఎవరూ చెప్పలేదు. మూడు గంటలుగా ఒళ్ళొంచి పనిచేసిన మనిషికి ఆకలేసింది. డబ్బా మూత తీశాడు. తెలివి సాధించలేనిది ఆకలి సాధించింది.

"వెళ్తున్నానే!" మాస్టారి గొంతు సంతోషంతో పగిలిపోతోంది. "ఇన్‌స్పెక్టర్ గారి బండి మీద వెళ్ళిపోతున్నా. నువ్వు తర్వాత రా!"

వాళ్ళిద్దరూ వంటింట్లోంచి బయటికి వచ్చేసరికి ముందు గదిలో తెరిచిన డబ్బా, దొర్లుతున్న దారపు ఉండా మిగిలాయి. వీధిలో మోటార్‌సైకిల్ బయల్దేరిన చప్పుడు సందు చివర మలుపు తిరిగింది.

అసలు టైము నాలుగూ ఇరవై ఎనిమిది.

"వెనకే వెళ్ళి నిజం చెప్పేద్దామమ్మా."

"నమ్మరు. హాల్లో అద్దం ఎక్కడుందని అడుగుతారు." ఆవిడ అప్పటికే ఫోన్ తీసింది. "ఒరేయ్, నేనురా. నీ వంతు నాకియ్యి... నేనే చేస్తా... సభ్యుల ఇంట్లోవాళ్ళు ఎవరైనా చెయ్యొచ్చని రూలుంది కదరా, మీ అధ్యక్షుడు మనవడి కోసం పెట్టుకున్నది... ఎందుకని అడక్కు. నిచ్చెన రెండేళ్ళు ఉంచుకున్నావ్, అయిదు నిమిషాలు ఇవ్వలేవా?"

ఫోన్ పెట్టేసి, బీరువా వెనక నుంచి చుట్టలు చుట్టిన క్యాలెండర్ కట్ట లాగింది.

డిటెక్టివ్‌కి అర్థమైంది. అయిదూ ఇరవైకి ఈవిడ చేస్తే, అయిదూ నలభైకి మాస్టారు చెయ్యడానికి వీల్లేదు. ఒకసారి చూపించిన ట్రిక్ ఇంకొకరు చెయ్యకూడదు.

"బాగా ఆలోచించండి. రిజిస్టర్లో మీ పేరు ఎక్కుతుంది. ఆయన దృష్టిలో పదకొండేళ్ళ కష్టాన్ని దోచుకున్నది మీరే అవుతారు. నిజంగానే అవుతారు కూడా."

"నవ్వులపాలైన మొగుడి కంటే కోపమొచ్చిన మొగుడు నయం అన్నయ్యగారూ. కోపంతో ఎలా కాపురం చెయ్యాలో నాకు తెలుసు." ఆవిడ చెప్పులేసుకుంది. "మీ స్కూటర్ ఎక్కడుంది?"

దొంగని పట్టుకోమని పిలిస్తే వచ్చిన మనిషి ఆ దొంగని వెనక కూర్చోబెట్టుకుని, దొంగతనం జరగాల్సిన చోటికి టైముకి చేర్చాలని రెండు సిగ్నల్స్ దాటించేశాడు.

*

అయిదూ పద్దెనిమిది. హాలు నిండుగా ఉంది. రుమాళ్ళు వేసిన అయిదు కుర్చీలు తప్ప.

ముందు వరసలో మాస్టారు. ఆయన ఇచ్చిన సీలు కవరు కార్యదర్శి బల్ల మీద ఉంది. పక్కన మాజీ ఇన్‌స్పెక్టర్, తనే ట్రిక్ కనిపెట్టినంత దర్జాగా కూర్చున్నాడు. భార్య లోపలికి రావడం చూసి మాస్టారు ముఖమంతా నవ్వి, పక్క కుర్చీ తట్టి చూపించారు. ఆవిడ ఆ కుర్చీ దాటి నేరుగా వెళ్ళి, క్యాలెండర్ కట్ట కార్యదర్శికి ఇచ్చి, మధ్యలో ఉన్న బల్ల ముందు కూర్చుంది.

నాలుగు మూలల్లో నాలుగు నాణేలు పెట్టింది.

మాస్టారి నవ్వు ఉన్నచోటే ఆగిపోయింది.

మొదటి నాణెం వెళ్ళింది. రెండోది వెళ్ళింది. మూడో ముక్క లేచినప్పుడు, ఆ పనిలోనే తలలు నెరిసిన అరవైమంది ముందుకి వంగారు. ఎవరికీ ఏమీ కనిపించలేదు. నాలుగో ముక్క ఎత్తగానే కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు.

"ఆపండి!" మాజీ ఇన్‌స్పెక్టర్ గొడుగు పైకెత్తాడు. "ఇది దొంగతనం! మాస్టారి పుస్తకం ఇందాక నా చేతులతో నేనే పట్టుకున్నాను. ఆ ట్రిక్కే ఇది! కేసు ఇప్పుడు తేలింది."

చప్పట్లు ఆగిపోయాయి. కార్యదర్శి రిజిస్టరు మీద పెన్ను పట్టుకుని మాస్టారి వైపు తిరిగాడు. "ఏమండీ, ఇది మీ ట్రిక్కేనా? మీరు అవునంటే ఇది దొంగిలించిన ట్రిక్ కింద లెక్క, ముందు చూపించినా ఈవిడ పేరు ఎక్కదు. ఈవిడ తమ్ముడి సభ్యత్వం కూడా పోతుంది."

వెనక వరసలో పేకకట్ట కలుపుతున్న చప్పుడు మొదటిసారి ఆగింది.

మాస్టారు లేచారు. బల్ల దగ్గరికి నడిచారు. ఆవిడ తల వంచుకోలేదు. తిడితే పడటానికి సిద్ధపడ్డ మనిషి నిలకడగా చూసినట్టు చూసింది.

"ఇంకోసారి చెయ్యి," అన్నారు.

ఆవిడ చేసింది. మాస్టారు బల్ల అంచు పట్టుకుని, పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు మొదటి నుంచి చివరి దాకా చూశారు.

"కాదు," అన్నారు.

"కాదా?" అన్నాడు మాజీ ఇన్‌స్పెక్టర్.

"నాది కాదండి. సమాధానం ఒకటే, పద్ధతి వేరు. ఈవిడ మూడో ముక్క పొడుగువైపు నుంచి ఎత్తింది. నేను పొట్టివైపు నుంచి ఎత్తుతాను. అది కష్టం, ఇది సులువు. నేనయితే సులువు పద్ధతికి రెండు మార్కులు తగ్గిస్తాను గానీ, కాపీ అనను. ముప్పై ఏళ్ళుగా పేపర్లు దిద్దుతున్నాను, నాకు తెలీదా?" ఆయన భార్య వైపు తిరిగారు. గొంతు కాస్త తగ్గింది. "ఎదురుగా కూర్చుని ఊరికే చూస్తున్నావనుకున్నా. నువ్వు కూడా పని చేస్తున్నావన్నమాట. చెప్పొద్దూ?"

ఆవిడ కుర్చీలోంచి లేచింది.

కార్యదర్శి రిజిస్టర్లో ఆవిడ పేరు రాశాడు. హాలు మళ్ళీ చప్పట్లతో మోగింది. డిటెక్టివ్ గోడకి ఆనుకుని నిట్టూర్చాడు. కేసు ముగిసింది. ఎవరూ దొంగ కాదు, ఎవరూ నవ్వులపాలు కాలేదు. అన్నిటికంటే మేలైన సంగతి, మాజీ ఇన్‌స్పెక్టర్ గొడుగు కింద పెట్టాడు.

"అయితే పద్ధతి వేరు కాబట్టి," అన్నారు మాస్టారు, "నాది కూడా చెయ్యొచ్చన్నమాటేగా?"

కార్యదర్శి రూళ్ళ పుస్తకం తిరగేశాడు. వేలు పెట్టి చదివాడు. "చెయ్యొచ్చు. రిజిస్టరు పద్ధతికే గానీ ట్రిక్కుకి కాదు. మీ కవరు ఇక్కడే ఉంది. రండి."

"ఏమండీ," అంది ఆవిడ. చెయ్యి చాపింది. "ఏమండీ, వద్దు, ఒక్క నిమిషం..."

"నువ్వు చేసి చూపించావుగా. ఇప్పుడు కష్టమైనది చూడు." మాస్టారు ఆవిడ లేచిన కుర్చీలో కూర్చున్నారు. పొడుగు చేతుల చొక్కా మోచేతుల దాకా మడిచారు. నాలుగు నాణేలు నాలుగు మూలల్లో సర్దారు. జీవితంలో ఎప్పుడూ ఇంత ధీమాగా లేరు.

హాల్లో లైట్లన్నీ ఆ బల్ల మీదే పడుతున్నాయి. ఆయన తలెత్తి, చివరి వరస దాకా అందరినీ ఒకసారి పరికించి చూశారు.

"వెనకవాళ్ళకి కూడా బాగా కనిపిస్తోందా?"